గడుల సొలొమోను

భిలాయి సుపేలా మార్కెట్లో మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే మూడో సందులో, మేడమెట్ల కింద అగ్గిపెట్టెంత గది ఒకటి ఉండేది. బయట బోర్డు మీద హిందీలోనూ ఇంగ్లీషులోనూ, ఎవరూ అడక్కపోయినా ఆ కింద తెలుగులోనూ, డీటీపీ పని చేయబడునని రాసి ఉండేది. అందులో కూర్చునే మనిషి పేరు సొలొమోను. హిందీవాళ్ళకి అతను టేబుల్‌వాలా భయ్యా. తెలుగువాళ్ళకి గడుల సొలొమోను. ఉత్త సొలొమోను అని వాకబు చేస్తే, ఏ సొలొమోను అని ఎదురు అడిగేవాళ్ళు.

ఆ పేరు ఊరికే రాలేదు. పవర్‌హౌస్ దగ్గర ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు అతను కంపోజిటరు. ఆ ప్రెస్సుకి వచ్చేవి ఎక్కువగా ఫ్యాక్టరీల ఫారాలు. ఏ గంటకి ఎంత వేడి, ఏ షిఫ్టులో ఎన్ని టన్నులు, ఎవరు డ్యూటీ దిగారు, ఎవరు ఎక్కారు. అన్నీ గడులే. సీసపు అక్షరాల మధ్య ఇత్తడి రూళ్ళు కోసి నిలబెట్టి, గడి తర్వాత గడి కట్టుకుంటూ పోవాలి. పెళ్ళికార్డు ఎవడైనా కడతాడు. గడులు కట్టాలంటే ఓపికతో పాటు కాస్త మొండితనం కూడా కావాలి. సొలొమోనుకి రెండూ దండిగా ఉన్నాయి. నాలుగు రూళ్ళు కలిసే మూలలో వెంట్రుక దూరేంత సందు కనబడినా, కట్టిన పేజీ మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. యజమాని నెత్తీ నోరూ బాదుకున్నా వినేవాడు కాదు.

పని నేర్పింది ఫోర్‌మన్ పార్థసారథి. ఆయన మొదటి రోజే చెప్పాడు. "అక్షరం చూడు, విషయం చూడకు. విషయంలో పడ్డావంటే కళ్ళు చదువుతాయి గానీ చూడవు. తప్పు నీ ముందునుంచే నడిచి వెళ్ళిపోతుంది." సొలొమోను ఆ మాటని ప్రార్థనలా పట్టుకున్నాడు. వేల పేజీలు కట్టాడు, వాటిలో ఏముందని అడిగితే ఒక్కటీ చెప్పలేడు. తప్పులెన్ని అంటే మాత్రం లేవనేవాడు. గొప్పలకి కాదు, నిజంగానే ఉండేవి కావు. ఆ సుగుణమే తర్వాత కొంప ముంచింది. ముంచింది అతని కొంప కూడా కాదు, ఎదురింటివాళ్ళది. అదే నా బాధ.

ప్రెస్సు మూతపడ్డాక, నలభై ఆరేళ్ళ వయసులో, కొడుకు ఈడు పిల్లల పక్కన సిగ్గుపడకుండా కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నాడు. రెండు వేల సంవత్సరం నవంబరులో ఛత్తీస్‌గఢ్ వచ్చింది. రాష్ట్రం వచ్చి ఎవరికేం ఒరిగిందో పెద్దవాళ్ళు చెప్పాలి గానీ, సొలొమోనుకి మాత్రం చేతినిండా పని ఒరిగింది. బడులు, యూనియన్లు, సొసైటీలు, చర్చిలు అన్నిటి కాగితాల మీదా మధ్యప్రదేశ్ అని ఉండేది మరి. అదంతా మార్చాలి. రెండేళ్ళపాటు పొద్దున్నించి సాయంత్రం దాకా అతను మధ్యప్రదేశ్ తీసి ఛత్తీస్‌గఢ్ పెడుతూ కూర్చున్నాడు.

ఆ సందడి సద్దుమణిగాక, రెండు వేల మూడు వర్షాల్లో, గొడుగు మడుచుకుంటూ శ్రీలక్ష్మి ఆ గదిలోకి వచ్చింది. ఇరవై ఏడేళ్ళుంటాయి. సెక్టార్ పదిలో ఆఫీసర్ల క్వార్టర్లో పెరిగిన పిల్ల. తండ్రి రామచంద్రరావు స్టీలు ప్లాంటులో ఇంజనీరు, ఏడాది కిందట రిటైరయ్యాడు. భిలాయిలో తెలుగువాళ్ళు తెలుగు ఎలా పలుకుతారన్న దాని మీద ఆమె యూనివర్సిటీకి థీసిస్ రాస్తోంది. అప్పటికే నాలుగు షాపులు తిరిగింది. ఆమె చేతిలోని కాగితం చూడగానే ప్రతివాడూ చేతులెత్తేశాడు.

సొలొమోను కాగితం తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, మళ్ళీ కిందికి దించుకున్నాడు. "ఏటమ్మా ఇది? సదరంగమా?"

శ్రీలక్ష్మి నవ్వింది. ఆ యాస వినగానే అతనిది వలస కార్మికుల పేట క్యాంప్ 2 అని పోల్చుకుంది. "స్టేషన్ అనే మాట ఉంది కదా అంకుల్. మీ క్యాంప్ 2లో పెద్దవాళ్ళు ఏమంటారు?"

"టేసను అంతారు."

"ఇక్కడే పుట్టిన పిల్లలు?"

"ఆళ్ళ సంగతి అడక్కండి. హిందీవోళ్ళలాగ ఇస్టేసన్ అంతారు."

"అదే ఈ పట్టిక" అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎడమపక్క నిలువుగా, ఆ మాటని పలకడానికి వీలున్న రూపాలన్నీ. పైన అడ్డంగా నియమాలు. మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రాకూడదు. లేని శబ్దం తేకూడదు. ఉన్న శబ్దం పోగొట్టకూడదు. గట్టి నియమం ముందు, దానికంటే తేలికది దాని పక్కన. ఏ రూపం ఏ నియమం మీరితే ఆ గడిలో నక్షత్రం గుర్తు. ఆ మీరడంతో పోటీలోంచి పడిపోతే నక్షత్రం పక్కన ఆశ్చర్యార్థకం, అక్కణ్ణించి ఆ వరసలో మిగిలిన గడులన్నీ బూడిదరంగు. ఆఖరికి నిలబడిన రూపం పక్కన, వేలు చూపిస్తూ చిన్న చెయ్యి బొమ్మ.

సొలొమోను చాలాసేపు చూశాడు. "గెలిసినోడి గడిలో కూడా నక్షత్రం ఉంది కదమ్మా."

"ఉంటుందంకుల్. ఏ నియమమూ మీరకుండా ఎవరూ మాట్లాడలేరు. ఏది మీరినా పర్లేదు, ఏది మీరకూడదు, అదే లెక్క. మీ పెద్దవాళ్ళకి ఉన్న శబ్దం ఒకటి పోయినా పర్లేదు, మాట మొదట్లో కొత్తది రాకూడదు. పిల్లలకి అది తిరగబడింది."

ఆ మాట అతనికి బాగా నచ్చింది. ఆ రోజు ఇంటికెళ్ళి భార్య విమలకుమారికి అన్నం తింటూ చెప్పాడు. ఆవిడ, "తప్పు సేసినోడికే బహుమానం ఇత్తారా? బాగుంది సదువు" అని మజ్జిగ పోసింది.

మొదటి పట్టికకి మూడు రోజులు పట్టింది. రెండు నియమాలు సమానమైన చోట వాటి మధ్య గీత తెగుతూ తెగుతూ ఉండాలి, అది పై గడి నుంచి కింది గడికి వచ్చేసరికి వరస తప్పేది. బూడిదరంగు గీతల్ని మింగేసేది. నక్షత్రం గడి మధ్యలో నిలవకుండా పైకి ఎగిరి కూర్చునేది. చెయ్యి బొమ్మ ఏ ఫాంటులో దాక్కుందో వెతికి వెతికి, చివరికి ఇంగ్లీషు ఎఫ్ అక్షరం నొక్కి ఫాంటు మారిస్తే వస్తుందని కనిపెట్టినప్పుడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చూపించడానికి పక్కన ఎవరూ లేకపోయె. శ్రీలక్ష్మి వచ్చి ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "అంకుల్, ఇది విదేశీ పుస్తకంలో ఉన్నట్టే ఉంది" అంది. ఇరవై రెండేళ్ళ ప్రెస్సు పనిలో గడులకి ఎవరైనా అంత ముచ్చటపడటం అతను చూడలేదు. పాపం, అక్కడే పడిపోయాడు.

తర్వాత ఆమె అడిగింది. మాట్లాడేవాళ్ళు కావాలి, టేపు రికార్డరు చూసి బెదిరిపోకుండా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. సెక్టార్ పది అమ్మాయి వెళ్ళి క్యాంప్ 2లో తలుపు కొడితే ఎవరు మాట్లాడతారు? సొలొమోను తీసుకెళ్తానన్నాడు. కానీ ఒక మాట అడిగాడు.

"పేర్లు రాత్తారా అమ్మా?"

"లేదంకుల్. నంబర్లే. పేరు ఒక్కటి కూడా ఉండదు. నా మాట నమ్మండి."

నమ్మాడు. పదిహేను ఇళ్ళకి తనే దగ్గరుండి తీసుకెళ్ళాడు. అందులో పద్నాలుగోది తన ఎదురిల్లు, నూకరత్నం ఇల్లు.

ఈ నూకరత్నం గురించి చెప్పాలి. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చింది. మొగుడి పేరు పైడియ్య. పైడియ్యకి గౌరీసు అని అన్న ఉండేవాడు, వెల్డింగు చదివి సర్టిఫికెట్ తెచ్చుకుని హథ్‌ఖోజ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం సంపాదించాడు. చేరడానికి వారం ముందే కామెర్లతో పోయాడు. పైడియ్య అన్న దగ్గర పని నేర్చినవాడే, చెయ్యి అన్న కంటే సాఫు, కానీ కాగితం లేదు. అన్న కాగితంతో, అన్న పేరుతో వెళ్ళి చేరాడు. అలా తొమ్మిదేళ్ళు. ఇంట్లో పైడియ్య, గేటు దగ్గర గౌరీసు. వీధి మొత్తానికి తెలుసు, వీధి దాటి ఒక్క నోటికీ తెలియదు. క్యాంప్ 2 వీధులు కడుపులో దాచుకోవడం అలా ఉంటుంది.

శ్రీలక్ష్మి టేపు నొక్కే ముందు, మూడో మనిషి ఉంటే మాట తీరు మారిపోతుందని సొలొమోనుని బయట కూర్చోమంది. అతను గుమ్మం బయట గట్టు మీద కూర్చున్నాడు. లోపల్నించి నూకరత్నం కేకేసింది.

"అన్నియ్యా! నోటికొచ్చినాదల్లా సెప్పమంతంది ఈ దీదీ. సెప్పీమంతావా?"

"సెప్పు సెల్లీ. నాను లేనా?"

సొలొమోను అన్న మాటలు అవే. ఆ తర్వాత చాలా రోజులు ఆ నాలుగు ముక్కలూ అతని చెవిలో తిరిగాయి.

ఏడు నెలలు పని నడిచింది. నలభై ఒక్క పట్టికలు. ఒక్కో పట్టిక కింద ఆ మాట వాడిన వాక్యం ఒకటి, నోట్లో పలికే ప్రతి శబ్దానికీ విడి గుర్తు ఉండే ఒక లిపిలో. దాని కింద ఇంగ్లీషులో అర్థం. గుర్తుల జాబితా, పక్కన తెలుగు అక్షరాలతో, శ్రీలక్ష్మి రాసిస్తే గోడకి అంటించుకున్నాడు. నెల తిరిగేసరికి గోడవైపు చూడాల్సిన అవసరం లేకపోయింది. శబ్దం ఎక్కడ సాగితే అక్కడ రెండు చుక్కలు, ఎక్కడ నాలుక మడతపడితే అక్కడ అక్షరానికి తోక. చుక్క చుక్కా సరిచూశాడు, తోక తోకా సరిచూశాడు. ఇంగ్లీషు అతనికి రాక కాదు. చదివి ఉంటే తెలిసేది. చదవలేదు. అక్షరం చూశాడు, విషయం చూడలేదు.

ఒక్క చోట తప్ప. మొదట్లో కృతజ్ఞతల పేజీలో శ్రీలక్ష్మి ఇలా రాసింది: నన్ను క్యాంప్ 2 ఇళ్ళకి తీసుకువెళ్ళి, ఈ పట్టికలన్నీ ఇంత అందంగా కూర్చిన శ్రీ సొలొమోను గారికి. ఎవరెవరి పేర్లో కట్టిన ఆ చేతులు సొంత పేరు కట్టడం అదే మొదలు. ఫోర్‌మన్ మాట ఆ వాక్యం దగ్గర గట్టున పెట్టి, ఒకటికి నాలుగుసార్లు చదువుకున్నాడు. మొత్తం థీసిస్‌లో అతను చదివింది అదొక్కటే.

జనవరిలో ప్రూఫు సిద్ధమైంది. శ్రీలక్ష్మి ఇంటికి పట్టుకెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత దాన్ని తిరిగి తెచ్చింది ఆమె కాదు, రామచంద్రరావు. కారు మెయిన్ రోడ్డు మీద ఆపి, ఆ ఇరుకు సందులో నడిచి వచ్చాడు. ప్లాంటు ఆఫీసరు తన స్టూలు మీద కూర్చోవడం చూసి సొలొమోను తబ్బిబ్బయిపోయాడు. టీ తెప్పించాడు.

"ఏమయ్యా సొలొమోనూ, అద్భుతంగా చేశావు. మా అమ్మాయి ఎప్పుడూ నీ మాటే" అన్నాడు రామచంద్రరావు. "అంతా చదివాను. ఆ పద్నాలుగో నంబరావిడ ఉంది చూశావా, భలే మాట్లాడిందయ్యా. మా నాయనమ్మ గుర్తొచ్చింది. మీ వీధావిడేనా?"

"మా ఎదురిల్లేనండి సార్" అన్నాడు సొలొమోను, మొహమంతా నవ్వుతో. "నూకరత్నం. ఆ సెల్లి నోరిప్పితే అంతే సార్, అలాగే ఉంతాది."

"నూకరత్నం" అన్నాడు రామచంద్రరావు, టీ చప్పరిస్తూ. "మంచి పేరు." గ్లాసు కింద పెట్టి, సొలొమోను భుజం తట్టి వెళ్ళిపోయాడు.

పేర్లు రాయొద్దని అడిగిన మనిషే, ఎవరూ బలవంతం చేయకుండా, టీ ఇచ్చి మరీ పేరు చెప్పేశాడు. కూతురు కాగితం మీద పెట్టిన నంబరుకి ఉన్న తాళాన్ని తండ్రి ఒక్క పొగడ్తతో తెరిచేశాడు. రామచంద్రరావు రిటైరయ్యాక హథ్‌ఖోజ్‌లో ఉద్యోగుల సంగతులు చూసే పర్సనల్ మేనేజరుగా చేరాడని, చేరింది పైడియ్య పనిచేసే ఫ్యాక్టరీలోనేనని సొలొమోనుకి ఎలా తెలుస్తుంది? తనకి తెలిసిన రామచంద్రరావు ప్లాంటు ఆఫీసరు. ఆ మర్యాదంతా ఆ కుర్చీకే చేశాడు.

రెండు రోజులకి శ్రీలక్ష్మి వచ్చింది. చేతిలో చిన్న చీటీ. కూర్చోలేదు.

"అంకుల్, పదిహేడో పట్టిక కింద వాక్యం మార్చాలి. దాని బదులు ఇది పెట్టండి. వెనక, మాట్లాడినవాళ్ళ జాబితాలో పద్నాలుగో నంబరు వరసలో భర్త పని, ఫ్యాక్టరీ అన్న గడి ఖాళీ చేసేయండి."

"అలాగేనమ్మా" అన్నాడు సొలొమోను. పాతది తీశాడు, కొత్తది పెట్టాడు. గడి ఖాళీ అయితే వరస చిన్నబోతుందని దాంట్లో సన్నటి అడ్డగీత కూడా పెట్టాడు. ఎందుకని అడగలేదు. అయిదు కాపీలు ప్రింటు తీసి, బైండింగు దగ్గరుండి చేయించి ఇచ్చాడు. ఆమె లడ్డూల డబ్బా ఇచ్చి, అతని కాళ్ళకి వంగి దణ్ణం పెట్టింది. ఆ డబ్బాలోంచి నాలుగు లడ్డూలు విమలకుమారి ఎదురింటికి పంపింది. పైడియ్య పిల్లలు తిన్నారు.

పదకొండో రోజున విమలకుమారి షాపుకే వచ్చేసింది. ఎప్పుడూ రాని మనిషి.

"పైడియ్యని గేటు కాడ ఆపీసినారంట. లోపలికి పిలిసి, నువ్వు గౌరీసువి కావు, గౌరీసు సచ్చిపోనాడు, మాకు తెలుసు అన్నారంట. ఆపీసు కాగితంలో పెళ్ళాం పేరు నూకరత్నం అని ఉందంట కదా, దాన్నిబట్టి పట్టీసినారంట. దొంగ పేరు కేసు పెడతామంటన్నారు. వీధిలోవోళ్ళే ఎవరో మోసినారని నూకరత్నం ఇల్లిల్లూ తిరిగి ఒట్టేయించుకుంటంది. నాకాడికొచ్చినాది. నాను ఒట్టేసినాను."

సొలొమోనుకి శ్రీలక్ష్మి ఖాళీ చేయించిన గడి గుర్తొచ్చింది. అతని కళ్ళు షాపు మూలకి వెళ్ళాయి. అక్కడ పాత ప్రూఫు దొంతర ఉంది, వెనకవైపు రాసుకోవడానికి పనికొస్తుందని దాచింది. దొంతర దించి, పదిహేడో పట్టిక వెతికి తీశాడు. టేసను. పక్కన వేలు చూపిస్తున్న చెయ్యి. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. కింద ఇంగ్లీషు వాక్యం. దాన్ని చదివాడు. తన చేత్తో కూర్చిన ఇంకొకరి మాటని జీవితంలో మొదటిసారి మనిషిలా చదివాడు. చదివి, కాగితం బోర్లా పెట్టి, దాని మీద చెయ్యి ఆన్చి కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రమే సెక్టార్ పదికి వెళ్ళాడు. శ్రీలక్ష్మి వరండాలోకి వచ్చింది. లోపలికి రమ్మనలేదు.

"మీకు కావాల్సింది టేసను అన్న ఒక్క ముక్క కదమ్మా" అన్నాడు సొలొమోను. "మిగతా వాక్యం ఎందుకు పెట్టినారు?"

"వాక్యంలో ఉంటేనే సహజంగా ఉంటుందంకుల్. అందరూ అలాగే పెడతారు." ఆమె వరండా కమ్మీ పట్టుకుంది. "నేను కావాలని చేయలేదు. నాన్నగారు చదివారు. ఆయన ఉద్యోగం అది. తెలిశాక ఊరుకోలేనన్నారు."

"మరి మీరు నాకాడికొచ్చి ఆ వాక్యం ఎందుకు తీయించినారు? అప్పుటికే తెలుసు మీకు. ఆ పొద్దున నాతో ఒక్క ముక్క అంటే, పైడియ్య ముందుగానే ఎల్లి కాళ్ళట్టుకునేవోడు. పని మానీసేవోడు. మీరు మీ పుస్తకం కడుక్కున్నారమ్మా."

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కానీ మాట మాత్రం తేలిగ్గానే వచ్చింది. "మీరు టైపు చేశారు కదంకుల్. మూడుసార్లు సరిచూశారు. చదివే ఉంటారనుకున్నాను. మీరేమీ అనలేదు కాబట్టి పర్లేదేమో అనుకున్నాను. పేరు కూడా నేనెక్కడా రాయలేదు. నాన్నగారికి మీరే చెప్పారట."

ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. నమ్మించి ముంచినవాళ్ళు, మునిగినవాడి చేతికే తాడు అందించి, నువ్వే కట్టుకున్నావు కదా అంటారు. పెద్ద చదువులు ఈ విద్య భలే నేర్పుతాయి. ఆ పిల్ల చెప్పిన ప్రతి మాటా నిజమే, అందుకే ఇంకా అన్యాయం. సొలొమోను మెట్లు దిగి సైకిలు తీసుకున్నాడు. ఆమె వెనకనుంచి అంకుల్ అని ఒకసారి పిలిచింది. ఆగలేదు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి, బట్టలు మార్చకుండానే, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వీధి దాటాడు. పైడియ్య నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు, పగలు ఇంట్లో ఉండటం అలవాటు లేని మనిషి కూర్చున్నట్టు, చెప్పులేసుకునే. నూకరత్నం బియ్యం ఏరుతోంది. అతన్ని చూసి ఎప్పటిలాగే పీట వేసింది.

"కూకో అన్నియ్యా. నువ్వొక్కడివే ఒట్టెయ్యనోడివి. నీ కాడ అడగలేదు నాను. నిన్నడగడమేటని."

సొలొమోను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేశాడు. టేపులో ఆమె చెప్పిన మాట, పట్టిక కింద తను కూర్చిన వాక్యం, చదవకపోవడం, రామచంద్రరావుకి టీ ఇచ్చి పేరు చెప్పడం, ఆ లడ్డూలు ఎవరిచ్చినవో కూడా. ఏదీ దాచలేదు.

నూకరత్నం చేట పక్కన పెట్టింది. ఆమె మొహంలో కోపం కోసం అతను వెతికాడు. కోపం ఉంటే బాగుండునని కోరుకున్నాడు. అది లేదు. ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు అతన్ని చూస్తోంది.

"ఆ కాయితం ఉందా?"

తీసి చూపించాడు.

"సదువు. నానేటన్నానో సదువు."

"ఇంగిలీసులో ఉంది సెల్లీ. తెలుగులో సెప్తాను."

"ఇంగిలీసుది కాదు. ఆ పైనున్నది. నా మాట ఉన్నట్టే రాసినారన్నావు కదా. అది సదువు."

సొలొమోను గుర్తుల కింద వేలు పెట్టాడు. ఏడు నెలలు చేత్తో పెట్టిన గుర్తుల్ని నోటితో పలకడం అదే మొదటిసారి. ఒక్కొక్క గుర్తూ కూడబలుక్కుంటూ చదివాడు. రెండో వరసకి నాలుక దారిలో పడింది. తోక ఉన్నచోట మడతపడింది, రెండు చుక్కలున్నచోట సాగింది.

"మా ఆయన... ఆళ్ళన్న పేరు మీదే... గేటు పాసట్టుకుని... పొద్దున్నే టేసను మీంచి ఎల్తాడు."

అయిపోయింది. ఎల్తాడు అన్నప్పుడు నూకరత్నం గొంతు సాగే సాగు కూడా అందులో ఉంది. మంచం మీద పైడియ్య తలెత్తి, "నీ గొంతేనే అది" అన్నాడు పెళ్ళాంతో. కాసేపటికి సొలొమోను వైపు తిరిగాడు. "అందులో నా పేరేటని రాసినారన్నియ్యా? గౌరీసనా, పైడియ్యనా?"

"పేరు లేదురా. మా ఆయన అనుంది. అంతే."

"ఓహో" అన్నాడు పైడియ్య. వంగి, ఆ చెప్పులు విప్పి మంచం కిందికి తోశాడు.

నూకరత్నం మళ్ళీ చేట అందుకుంది. బియ్యంలోకి చూస్తూనే అంది. "ఒక్క అచ్చరం తప్పు పోలేదు. అచ్చం నాను సెప్పినట్టే కట్టినావు. నీ పని మంచిదే." అన్నియ్యా అన్న మాట ఆ తర్వాత రాలేదు. ఆ రోజే కాదు, మరెప్పుడూ రాలేదు. ఆ వానలకి ముందే వాళ్ళు బొబ్బిలి వెళ్ళిపోయారు.

సొలొమోను షాపు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఉంది. ఏ కాగితం వచ్చినా ముందు పైనుంచి కిందిదాకా చదివేవాడు. ఎవరి గురించి, ఎందుకు, వాళ్ళకి తెలుసా అని అడిగేవాడు. విసుక్కుని పక్క షాపుకి పోయినవాళ్ళు పోయారు. చదివాకే కీబోర్డు మీద చెయ్యి పెట్టేవాడు. అప్పట్నించే గడుల సొలొమోను పేజీల్లో తప్పులు రావడం మొదలైంది.